ఐసీయూ నుంచి డయాలసిస్‌కు మారమంటున్నరు, మారాలా? వరంగల్ సిస్టర్స్ జర చెప్పుండ్రి

పోచమ్మమైదాన్_చెల్లె:
అందరికి నమస్తే. హన్మకొండల ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ ఐసీయూల చేస్తున్న. బీఎస్సీ నర్సింగ్ అయినంక ఇక్కడ్నే చేరిన, అప్పటినుంచి వేరే వార్డు ఎరుగ. పోయిన వారం ఎన్‌ఎస్ (నర్సింగ్ సూపరింటెండెంట్) మేడమ్ పిలిచి, డయాలసిస్‌ల ఒక పోస్టు ఖాళీ అయితున్నది, నైట్లు ఉండయి, నువ్వు ఊ అంటె నీకే ఇస్త అన్నది. నేనేం అడగలేదు. నా మొఖం చూసి అన్నదో ఏమో. నెలాఖరులోపు చెప్పాలె.

పని రాక కాదు. ఏబీజీ (రక్తంల వాయువుల పరీక్ష) చూస్తె డాక్టర్ వచ్చి ఏం అడుగుతడో ముందే తెలుస్తది. వెంటిలేటర్ మోగితె అది ఏ అలారమో తిరిగి చూడకుంటనే చెప్త. కని ఇంటికి పోయినంక నిద్ర పడ్తలేదు. నైట్ దిగి వచ్చి పండుకుంటె, పక్కింట్ల మిక్సీ సప్పుడుకు లేచి కూసుంటున్న, బీపీ నిలబెట్టే నోర్‌అడ్రినలిన్ పంపు అయిపోయిందేమో అని. మా పాప యూకేజీ. హోంవర్క్ కాడ చిన్నదానికే దాని మీద ఒర్రుతున్న. మా ఆయనది భూపాలపల్లిల సింగరేణి డ్యూటీ, వారానికొకసారి వస్తడు. పాపను అత్తమ్మ చూసుకుంటది.

మారుదామంటె భయమైతుంది. ఐసీయూ చెయ్యి ఒకసారి పోతె మళ్ల రాదంటరు. ఐసీయూ అలవెన్సు పోతది. జర్మనీకి పోదామని భాష మొదలుపెట్టి మధ్యల ఆపిన, ఆడ ఐసీయూ అనుభవమే అడుగుతరట. అన్నిటికన్న, మా బ్యాచ్ వాళ్లు "తట్టుకోలేక దిగిపోయింది" అంటరేమో అని. చిన్న మాటనే, కని నాకు గుచ్చుకుంటది. మారాల్నా, ఇక్కడ్నే నిలదొక్కుకోవాల్నా?

రిటైర్డ్_హెడ్‌నర్స్_సుబేదారి:
బిడ్డా, సలహా తర్వాత. ముందు నువ్వు నాకు కొన్ని చెప్పు. నీ షిఫ్టులో నీ చేతికింద ఎందరు పేషెంట్లు, అందులో వెంటిలేటర్ మీద ఎందరు? ఎవరైనా సెలవు పెడితే ఆ బెడ్లు ఎవరు చూస్తున్నారు? తిండికి పోయినప్పుడు నీ పేషెంటు దగ్గర ఎవరు నిలబడుతున్నారు?

ఇంకొకటి, ఇది నిదానంగా ఆలోచించి చెప్పు. నిద్ర పట్టనప్పుడు నీ కళ్ల ముందుకు వచ్చేదేమిటి? పని ఎక్కడో మిగిలిపోయిందన్న ఆరాటమా, లేకపోతే ఎవరైనా మనిషి మొఖమా? ఆరాటం మనుషులు చాలక వచ్చేది. మొఖాలు ఐసీయూ అయినందుకు వచ్చేవి. బయటికి రెండూ ఒక్కలాగే కనపడతాయి, నిద్ర లేకపోవడం, కోపం, కండ్లల్లో నీళ్లు. కానీ దేనికి ఏం చేయాలో మాత్రం వేరు.

కరీంనగర్_బీ2:
అక్కా, నేనైతే వద్దంట. నేను కూడా ఐసీయూనే, మేల్ నర్సును. టామ్‌కామ్ (విదేశీ కొలువులకు పంపే మన సర్కారు సంస్థ) ద్వారా జర్మన్ క్లాసులకు పోతున్న. మన దగ్గర నర్సుకు విలువ ఉన్న చోటు ఏదన్నా ఉందంటే అది ఐసీయూ, ఓటీ, ఎమర్జెన్సీ. ఒకసారి డయాలసిస్‌కు పోతే ఇక నువ్వు డయాలసిస్ సిస్టర్‌వే. ఇంకో ఏడాది ఓర్చుకో, భాష పూర్తి చెయ్యి, ఒకటేసారి ఎగిరిపో. మధ్యల ఆగితే అదే అలవాటైతది. నిన్ను తక్కువ చేసి అంటలేను, నీ కష్టం నాకు తెల్వంది కాదు.

పోచమ్మమైదాన్_చెల్లె:
మేడమ్, మీరు అడిగినదానికి. మామూలుగ నలుగురు పేషెంట్లు, అందుల ఇద్దరు వెంటిలేటర్ మీద. ఎవరన్న రాకపోతె ఆ బెడ్లు మేమే పంచుకుంటం. తిండికి పోతె పక్క బెడ్ సిస్టర్‌కు చెప్పి పోవుడే, అన్నం గబగబ మింగి వచ్చుడే. నెలల సగం దాక నైట్లే. నైటంటె 12 గంటలు.

ఆరాటమా మొఖాలా అంటె రెండూ ఉన్నయి. కని ఈ మధ్య ఒక్క మొఖమే ఎక్కువ వస్తుంది.

మన దిక్కు మందు తాగిన కేసులు మాకు కొత్త కాదు. పత్తికి కొట్టే పురుగుమందు అయితె మన చేతికి పని ఉంటది. బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతోని కడుగుడు, విరుగుడు అట్రోపిన్ ఎక్కించుడు, కంటిపాపలు చూసుడు, ఛాతి ఆరిందా అని స్టెత్ పెట్టి ఇనుడు, నోట్లె వచ్చేదంత సక్షన్ చేసుడు. మనిషి కలవరిస్తడు, ట్యూబులు గుంజుకుంటడు, చేతులు కట్టాల్సొస్తది. ఆ వాసన డ్యూటీ దిగినంక కూడ ముక్కుల్నే ఉంటది. అయినా చానామంది లేచి నడుసుకుంట పోతరు. పోయేటప్పుడు "సిస్టరమ్మ పోయొస్త" అంటరు. దానికోసమే ఇన్నేళ్లు చేసిన.

గడ్డిమందు అట్ల కాదు. దానికి విరుగుడు లేదు. మనిషి సోయిలనే ఉంటడు, మాట్లాడుతడు. నోరంత పుండ్లు. ఆక్సిజన్ కూడ అలవోకగ పెట్టలేం, అది ఎక్కువైతె ఊపిరితిత్తులు ఇంక చెడిపోతయి. ములుగు దిక్కు నుంచి ఒక పిలగాడు వచ్చిండు. కోపానికి తాగిండు, తాగినంక బతుకాలని ఉన్నది. "సిస్టర్, ఐతారం కల్ల ఇంటికి పంపుతరా" అని అడిగిండు. ఎక్స్‌రే నేను చూసిన. వాళ్లమ్మ బయట బెంచి మీద బిల్లు కాయితాలు మడత పెట్టుకొని కూసున్నది, ఆమె కూడ అదే అడిగింది. "డాక్టర్ చెప్తరు" అన్న. అదొక్కటే అనగలిగిన. అదే షిఫ్టుల పక్క బెడ్ల గుండె ఆగి కోడ్ బ్లూ, సీపీఆర్ చేసినం. ఆ పిలగాని చెయ్యి పట్టుకొని కొంచెంసేపు కూసునే టైము కూడ నాకు దొరకలే.

గ్రూపు_నిర్వాహకురాలు:
చెల్లీ, రాసినందుకు చాలా ధన్యవాదాలు. ఈ చర్చ చదువుతున్న అందరికీ రెండు మాటలు. ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు ఎవరూ రాయొద్దు, పేషెంట్లను గుర్తుపట్టేలా వివరాలు వద్దు. రెండోది, ఎవరికైనా మనసు బాగా బరువెక్కితే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే, టెలి మానస్ నంబరు 14416 ఉంది. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసలు పడవు. నర్సులు కూడా చేయొచ్చు. "మేమే మందులిచ్చేవాళ్లం, మాకెందుకు" అనుకోవద్దు. పోచమ్మమైదాన్ చెల్లీ, ఇది నీకు కూడా చెప్తున్నా.

నైట్‌డ్యూటీ_నర్సంపేట:
ఇది చదివి ఇంకేం రాయాలో తోచలేదు. నేను కూడా అదే బెడ్ల మధ్యల ఉన్న అక్క. నువ్వు ఒక్కదానివే కాదు.

మంచిర్యాల_డయాలసిస్:
చెల్లె, నేను డయాలసిస్‌ల చాన ఏండ్లుగ ఉన్న. నువ్వు "తక్కువ స్ట్రెస్" అని వస్తె మొదటి నెల్లనే నిరాశ పడ్తవు, అందుకే ఉన్నదున్నట్టు చెప్త.

పొద్దుగాల మొదటి షిఫ్టు వాళ్లు తెల్లారకముందే వచ్చి మెట్ల మీద కూసుంటరు. ఆర్‌ఓ నీళ్లు చూసుకోవాలె, క్లోరిన్ పరీక్ష చేసినంకనే మిషిన్లు కలుపాలె. ఆ నీళ్లల్ల తేడా వస్తె రక్తకణాలే పగిలిపోతయి, ఒక్కరికి కాదు, మిషిన్ల మీదున్న అందరికి. వచ్చినోళ్ల బరువు చూస్తవు, పోయినసారి దిగినప్పటి బరువు చూస్తవు, ఎన్ని లీటర్లు తీయాల్నో లెక్క కడ్తవు. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిల ఆపరేషన్ చేసి కలిపిన నరం) మీద చెయ్యి పెట్టి థ్రిల్, అంటె రక్తం పారే అదురు, తగుల్తుందా అని చూస్తవు. ఆ చేతికి బీపీ చూడొద్దు, సూది వేయొద్దు, ఇంటికాడ బరువు మోయొద్దని ఎన్నిసార్లు చెప్పినా మళ్ల చెప్పాలె. లావు సూదులు, రెండు. ముసలోళ్ల నరం దొరక్కపోతె నీ చెయ్యి వణుకొద్దు, వాళ్లు నీ మొఖమే చూస్తుంటరు.

నాలుగు గంటలు మిషిన్ మీద. బీపీ పడిపోవుడు, పిక్కలు పట్టేసుడు, వాంతులు. ఒకరిని సర్దేసరికి ఇంకొకరు పిలుస్తరు. "అరగంట ముందే తీసెయ్యి సిస్టర్, బస్సు పోతది" అని రోజు ఎవరో ఒకరు బతిమాలుతరు. వాళ్లకు వంగి చెప్పాలె, కోప్పడొద్దు. మన దిక్కు ఎండకాలం నీళ్లు తక్కువ తాగుమంటె ఎవరు తాగకుంట ఉంటరు? ఐతారం గ్యాప్ వచ్చి, దాంట్లె ఒక పెండ్లి పడ్డదనుకో, సోమారం నాలుగైదు కిలోలు ఎక్కి ఆయాసపడుకుంట వస్తరు.

ఇగ బరువు సంగతి. మీ ఐసీయూల మనిషి వస్తడు, బాగై పోతడు లేకపోతె పోతడు. మా దగ్గర వారానికి రెండుసార్లు, మూడుసార్లు అదే మనిషి, ఏండ్ల తరబడి. బిడ్డ పెండ్లి కార్డు నీకే ముందు ఇస్తరు. అత్తకోడండ్ల పంచాయితీ నీకే చెప్తరు. అట్లాంటి మనిషి ఒకరోజు రాడు. ఫోన్ చేస్తె కొడుకు ఎత్తుతడు. ఆ బాధ ఐసీయూ బాధ కన్న చిన్నదేం కాదు. కని రోజు రోజు రాదు, వచ్చినప్పుడు అందరం కలిసి ఏడ్సుకుంటం, వాళ్లింటికి కూడ పోతం.

నైట్లు లేకపోవుడు మాత్రం నిజమైన సుఖం. నేను నా పిల్లల పక్కన పండుకుంటున్న. నీకు ఇప్పుడు కావాల్సింది అదైతె రా. సోది కబుర్లు చెప్పుకుంట కూసునే జాగ అనుకొని మాత్రం రావద్దు.

కరీంనగర్_బీ2:
అక్కా, గడ్డిమందు పిలగాని సంగతి చదివిన. నేను ఇంతకుముందు రాసింది కెరీర్ లెక్క. నీ నిద్ర లెక్క అందుల లేదు. అయినా ఒక్కటి మాత్రం అంట, డయాలసిస్‌కు పోయినా అక్కడికి కూడా ఆ పిలగాడు నీతోనే వస్తడు. వార్డు మారితే మొఖాలు పోవు. దానికి వేరే ఏదన్నా చేయాలె.

రిటైర్డ్_హెడ్‌నర్స్_సుబేదారి:
తమ్ముడు చివర అన్న మాట నిజం. కానీ నిద్ర లేనివాళ్లకు ఆ "వేరే ఏదన్నా" చేసుకునే శక్తి ఎక్కడిది? ముందు రాత్రిళ్లు పండుకోనివ్వాలి.

బిడ్డా, నీ లెక్క విన్నాక నాకు విషయం తేటపడింది. వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కొక్క పేషెంటుకు ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. నువ్వు ఇద్దరిని చూస్తూ, పైన ఇంకో ఇద్దరిని మోస్తున్నావు. ఆ పిల్లాడి చెయ్యి పట్టుకోలేకపోయానన్న బాధ నీ మెత్తదనం వల్ల వచ్చింది కాదు. పట్టుకోవడానికి నీకు మనిషినివ్వలేదు, అందుకని వచ్చింది. "నేను తట్టుకోలేకపోతున్నా" అనే ముందు దాన్ని నీ లెక్కలోంచి తీసేయ్.

తట్టుకోలేక దిగిపోయింది అంటారని రాశావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్తది, ఐసీడీ 11, 2022 నుంచి అమల్లో ఉంది. అందులో బర్నౌట్‌ను జబ్బుగా రాయలేదు. పనిచోట తెగకుండా ఉండే ఒత్తిడిని సరిదిద్దకపోతే మనిషిలో వచ్చే స్థితిగా రాశారు. అలసట, పని మీద విముఖత, చేసేది పనికిరావడం లేదన్న భావన. అంటే తప్పు వెతకాల్సింది పనిచోట. నా సర్వీసులో ఐసీయూ నుంచి వార్డుకు, వార్డు నుంచి లేబర్ రూముకు, మళ్లీ ఐసీయూకు తిరిగినవాళ్లను ఎంతమందినో చూశాను. సర్కారు దవాఖానాల్లో పోస్టింగు మారడం మామూలు సంగతి, దాన్ని ఎవరూ ఓటమి అనరు. ప్రైవేటులో ఒకే చోట పాతుకుపోవడం వల్ల ఇంత పెద్దగా కనపడుతోంది.

హంటర్‌రోడ్_హెచ్‌ఆర్:
నేను ఆసుపత్రుల హెచ్‌ఆర్‌లో పనిచేశాను, ఇప్పుడు మానేశాను. కాగితాల సంగతి చెప్తా, ఇక్కడే మన పిల్లలు నష్టపోతున్నారు.

నోటిమాట మీద మారకండి. మారితే జీతం ఎంత, ఏ అలవెన్సు పోతుంది, డ్యూటీ టైమింగ్ ఏమిటి, ఐసీయూలో ఎవరైనా రాకపోతే మిమ్మల్ని మళ్లీ నైట్‌కు లాగుతారా లేదా, ఇవన్నీ కాగితం మీద అడగండి. చాలాచోట్ల పేరుకు డయాలసిస్, వారంలో రెండుసార్లు ఐసీయూ. అది రెండిందాల చెడ్డది. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంటే ఈ సందర్భంలోనే వెనక్కి అడగండి. ఒరిజినల్స్ పట్టిపెట్టుకునే పద్ధతి సరైంది కాదు.

జీతం సంగతి. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాల మీద సిఫారసులు చేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో సర్కారు నర్సుతో సమానంగా, 100 దాటితే అంతకన్నా 10 శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 ఉంటే 25 శాతానికి మించి తగ్గకుండా, 50 లోపు ఉన్నచోట కూడా 20,000 కంటే తక్కువ వద్దని. మన దగ్గర ఎన్నిచోట్ల పాటిస్తున్నారో ఈ గ్రూపులో అందరికీ తెలుసు. అయినా ఆ అంకె తెలిసి మాట్లాడటం వేరు, తెలియక తలూపడం వేరు.

పల్లెదవాఖాన_ఏటూరునాగారం:
ఇంకొక దారి కూడ ఉన్నది కదా అక్క. నేను ఎంఎల్‌హెచ్‌పీగ (డాక్టర్ కాకుండ పల్లెల వైద్యం చూసే పోస్టు) పల్లె దవాఖానల ఉన్న. నైట్లు లేవు. బీపీ, షుగర్, గర్భిణులు, టీకాలు, సీజన్ల మలేరియా, డెంగీ. ట్యాబుల ఎంట్రీలు చాన ఉంటయి, మీటింగులు ఉంటయి. వానకాలం వాగు పొంగితె ఆవలి గూడేల కాడికి పోవుడు కష్టం. మేడారం జాతర వచ్చిందంటె అందరికి జాతర డ్యూటీ. కాంట్రాక్టు ఉద్యోగం, పర్మినెంట్ కాదు.

కని ఒకటి. రాష్ట్రంల నర్సింగ్ ఆఫీసర్ రిక్రూట్‌మెంట్‌ల 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు సర్కారు దవాఖానల్ల కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు పెట్టిండ్రు. ప్రైవేటు ఐసీయూల ఎన్నేండ్లు చేసినా ఆ 20ల ఒక్క మార్కు రాదు. ఎయిమ్స్ నర్సు కొలువుల పరీక్ష నార్‌సెట్ రాసినా అంతే, నీ వార్డు ఏదని అడగరు, పరీక్షనే. దానికి జనరల్‌కు 30 ఏండ్ల లోపు ఉండాలె, వయసు చూసుకో. అందుకే ఐసీయూ వదిలితె సర్కారు కొలువు పోతదని మాత్రం భయపడకు. చదువుకునే టైము ఏడ దొరుకుతదో అది చూసుకో.

కరీంనగర్_బీ2:
ఇది నాకూ పనికొచ్చే మాట. జర్మనీ గురించి నేను చెప్పిందాంట్ల కూడా కొంచెం సరిచేస్త అక్కా. అక్కడ అసలు అడ్డం పడేది భాష. జర్మన్ భాషల బీ2 స్థాయి కావాలె, మన డిగ్రీకి గుర్తింపు తెచ్చుకోవాలె. ఐసీయూ ఉంటే మంచిదే, లేకపోతే తలుపు మూసేస్తరని కాదు. డయాలసిస్ సెంటర్లు వాళ్లకు కూడా ఉన్నయి. నైట్లు చేసుకుంట బీ2 నేర్చుకోవుడు ఎంత నరకమో నాకు తెలుసు, పొద్దున క్లాసుల నేనే కునికిపాట్లు పడ్తున్న.

పరకాల_బిడ్డ:
నేను నర్సును కాను. మా బాపుకు డయాలసిస్ నడుస్తుంది, ఆరోగ్యశ్రీ కింద. ఈ చర్చ ఎవరో పంపితె చదివిన. ఒక్కటి చెప్పాలనిపించింది.

ఒకరోజు బాపు మిషిన్ మీద ఉన్నడు. ఆవలింతలు తీస్తున్నడు. రాత్రి నిద్ర లేదు గదా, నిద్రొస్తుంది అనుకొని నేను దుప్పటి కప్పిన. రెండు బెడ్ల అవతలున్న సిస్టర్ అది చూసి ఉరికొచ్చింది. బీపీ చూసింది, మంచం తలదిక్కు దించి కాళ్లు లేపింది, సెలైన్ వదిలింది, మిషిన్ల ఏదో తగ్గించింది. కొంచెంసేపటికి బాపు కండ్లు తెరిచిండు. బీపీ పడిపోయే ముందు ఇట్లనే ఆవలింతలు వస్తయమ్మా, ఈసారి వస్తె నన్ను పిలువు అన్నది. ఆమె అంతకుముందు ఐసీయూల చేసిందట. మీరు నేర్చుకున్నది ఏడికి పోతది మేడమ్? మా అసొంటోళ్ల కాడికే వస్తది.

మంచిర్యాల_డయాలసిస్:
పరకాల చెల్లె, బాపు జాగ్రత్త. పోచమ్మమైదాన్ చెల్లె, ఆమె చెప్పిన చూపే నీకున్నది. కొత్తగ వచ్చిన పిల్లలకు అది రావాలంటె ఏండ్లు పడ్తది.

పోచమ్మమైదాన్_చెల్లె:
అందరివి చదివిన. కొన్ని రెండుసార్లు చదివిన. అత్తమ్మకు కూడ చదివి వినిపించిన. ఆమె ఒక్కటే అన్నది, "నువ్వు ఇంటికొచ్చినంక మనిషి లెక్క ఉంటె నాకు చాలు బిడ్డా, పైసలు ఎట్లన్న సర్దుకుందాం."

ఇయ్యాల ఎన్‌ఎస్ మేడమ్‌ను కలిసిన. డయాలసిస్‌కు పోత అన్న. హెచ్‌ఆర్ అన్న చెప్పినట్టు కాయితం అడిగిన. ఐసీయూ అలవెన్సు పోతదన్నరు, డయాలసిస్‌కు వేరే చిన్నది ఇస్తరట. ఐసీయూకు లాగుడు ఉండదని రాసియ్యుమన్న, మూడు నెలల దాక పిలువమని రాసిస్త అన్నది. అంతకన్న ఎక్కువ నా చేతుల లేదు అన్నది. ఒప్పుకున్న. ఆరు నెలలైనంక మళ్ల ఐసీయూకు రావాలనిపిస్తె ముందు నాకే అవకాశం ఇయ్యాలని కూడ రాయించిన. సర్టిఫికెట్ల గురించి ఇంకో రోజు అంటున్నరు, అది విడువ.

మేడమ్, మీరన్న నర్సుల లెక్క గురించి కూడ అడిగిన. నేను పోయినంత మాత్రాన ఆ నాలుగు బెడ్లు తగ్గయి, నా జాగల వచ్చేది ఇంకో పిల్లనే. అందుకే మా షిఫ్టు సిస్టర్లం అందరం సంతకాలు పెట్టి, వెంటిలేటర్ పేషెంట్లకు ఎందరం ఉన్నం, ఎందరం ఉండాలె అని రాసి ఇచ్చినం. తేదీల వారీగ రాసినం. ఏమైతదో తెల్వది. రాసుడు మాత్రం రాసినం.

14416కు కూడ ఫోన్ చేసిన. ఆ పిలగాని గురించి మొత్తం చెప్పిన. ఆమె మధ్యల అడ్డం రాలే. నిద్ర గురించి సైకియాట్రిస్ట్‌ను కలువమన్నది, అపాయింట్‌మెంట్ తీసుకున్న.

ఇగ మంచిర్యాల అక్క, వచ్చే ఒకటో తారీఖు నుంచి డయాలసిస్‌ల చేరుత. ఈ పది రోజులల్ల ఏం చూసుకోవాలె? హెపటైటిస్ బి టీకాలు చదువుకునేటప్పుడే వేసుకున్న, అది చాలా?

రిటైర్డ్_హెడ్‌నర్స్_సుబేదారి:
సంతకాల కాగితం ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.

మంచిర్యాల_డయాలసిస్:
టీకా వేసుకున్నంత మాత్రాన చాలదు చెల్లె. యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (టీకా రక్షణ ఒంట్ల ఎంత ఉన్నదో చెప్పే రక్తపరీక్ష) చేయించు. 10 కన్న తక్కువ వస్తె డాక్టర్‌కు చూపించి మళ్ల డోసులు వేయించుకో. హెపటైటిస్ పాజిటివ్ వాళ్లకు వేరే మిషిన్, వేరే జాగ ఉన్నదా అని మొదటి రోజే కన్నుపెట్టి చూడు, లేకపోతె అడుగు. రక్తం చిమ్ముతది కాబట్టి కండ్లకు అద్దాలు, ఏప్రాన్ విడువకు.

చదువాలంటె ముందు రెండు చాలు. డ్రై వెయిట్ (ఒంట్ల ఎక్కువ నీళ్లు లేనప్పటి బరువు) ఎట్ల నిర్ణయిస్తరు, బీపీ పడితె ఏ వరసల ఏం చేయాలె. రక్తం గడ్డకట్టకుంట ఇచ్చే హెపారిన్ నీకు తెలుసు. ఫిస్టులాకు సూది పెట్టుడు చదివితె రాదు, మొదటి వారం ఎవరన్న సీనియర్ టెక్నీషియన్ పక్కన నిలబడి చూడు. వాళ్లను "అన్నా" అని పిలిచి నేర్చుకో, డయాలసిస్‌ల మనకన్న వాళ్లకే ఎక్కువ తెలుసు. నీ పేషెంట్ల డ్రై వెయిట్లు ఒక చిన్న నోటుబుక్కుల రాసుకో. నెలకొకసారి మారుతుంటయి. చేరినంక ఈడనే రాయి, ఎట్లున్నదో.